తుప్పు చేయు మేలు

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నము తూర్పు కనుమల దాపున నున్న పట్టణము. అచ్చటి పల్లెలలో, రాష్ట్రమందలి ఇతర పల్లెలలో వలెనే, బావినీటిని, బోరునీటిని వాడువారు పెక్కుమంది. చేదకు కట్టిన ఇనుపగొలుసు కొంతకాలమునకు తుప్పుపట్టి తెగిపోవును. అందుచే జనులు తుప్పును ఇనుమునకు శత్రువందురు. కాని ఆ తుప్పుపట్టు గుణమే చెడిన భూగర్భజలమును బాగుచేయుటకు సాధనమైనది.

భూగర్భజలమెట్లు చెడునో ముందుగా తెలిసికొనవలెను. యంత్రభాగముల జిడ్డును కడుగుటకు ట్రైక్లోరోఇథిలీన్ అను ద్రవమును కర్మాగారములలో చాలకాలము వాడిరి. ఇందు క్లోరిన్ కలదు. నీటికంటె బరువైన ఈ ద్రవము నేలపై ఒలికినచో, ఇసుకపొరల గుండ దిగి, నీటి అడుగునకు చేరి, ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగ కరగుచుండును. ఇది కాన్సరును కలిగించు పదార్థము. అమెరికా దేశమున త్రాగునీటిలో ఇది లీటరునకు 5 మైక్రోగ్రాములకు మించరాదని నియమము కలదు.

ఇనుము తుప్పుపట్టునపుడు తన ఎలక్ట్రానులను విడుచును. నేలపైన వానిని గాలిలోని ఆక్సిజన్ గ్రహించును. భూగర్భమున ఆక్సిజన్ తక్కువైన చోట ట్రైక్లోరోఇథిలీన్ వానిని గ్రహించి, తనలోని క్లోరిన్‌ను వదలును. ఆ క్లోరిన్ ఉప్పునందు వలె క్లోరైడుగ మారి నీటిలో నిలుచును. మిగిలినది చాలవరకు ఇథిలీన్, ఈథేన్ అను వాయువులగును. మామిడిపండ్లు మాగునపుడు వెలువడు వాయువు ఈ ఇథిలీనే.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రాబర్ట్ గిల్‌హామ్, ఆయన సహచరులు 1991లో బోర్డెన్ అనుచోట ఈ సూత్రమును పరీక్షించిరి. భూగర్భజలము ప్రవహించు దారికి అడ్డముగ, నూటికి 22 పాళ్లు ఇనుపరజను, తక్కినది ఇసుకయు కలిపి గోడవలె నింపిరి. నీరు దానిగుండ సాగి వెలికి వచ్చునప్పటికి ట్రైక్లోరోఇథిలీన్ నూటికి సుమారు 90 పాళ్లు నశించెను. నీటిని తోడుటకు పంపుతో పనిలేకపోయెను.

తరువాత శాస్త్రజ్ఞులు ఇనుమును సంస్కరించిరి. 100 నానోమీటరులకు లోబడిన రేణువులుగ చేసినచో, గోడకై త్రవ్వకయే, నీటిలో కలిపి గొట్టముల ద్వారా లోనికి పంపవచ్చును. ఆ రేణువులు ముద్దకట్టకుండుటకు, బట్టలకు గంజి పెట్టినట్లు, పిండిపదార్థముతో పూతపెట్టిరి. ఇనుము వట్టి నీటితోనే కలిసి వ్యర్థమగుట మరియొక చిక్కు. గంధకపు పూతచే ఆ నష్టము చాల తగ్గును.

అయినను ఇనుము సర్వరోగ నివారిణి కాదు. బావిలో మేకులు వేసినంత మాత్రమున నీరు శుద్ధి కాదు. మందుల తయారీలో విరివిగ వాడు డైక్లోరోమీథేన్‌ను వట్టి ఇనుము విడగొట్టజాలదు. తెలంగాణలోని పటాన్‌చెరు ప్రాంతమున కర్మాగారముల వ్యర్థజలముచే నక్కవాగును, పరిసర గ్రామముల బావులును చెడగా, ఆ వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టునకు చేరెను. ఒకసారి చెడిన భూగర్భజలము తేరుకొనుటకు ఏండ్లు పట్టును. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటకంటె, మలినము నేలలోనికి దిగకుండ కాచుకొనుట మేలు.