బోర్డుండదు, టైముంటుంది

ఉదయం ఐదూ నలభై. పొద్దింకా పొడవలేదు. బాణలిలో నూనె కాగుతోంది. ఒకావిడ ఎడమచేత్తో పిండి గిన్నె పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో పుణుగులు వదులుతోంది. వాయికి ఎన్ని పడాలో ఆవిడ లెక్కపెట్టదు, బాణలి చెబుతుంది. చుట్టూ మోటారు సైకిళ్ళు, చంకలో హెల్మెట్లు, పదిహేను మంది మనుషులు. ఎవరూ కూర్చోలేదు, కూర్చోడానికేమీ లేదు కూడా. ఆరింటికి మిల్లు షిఫ్టు. ఐదూ యాభై ఐదుకి బండి దగ్గర మేమిద్దరమే మిగిలాం. ఆరూ పదికి రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు ఎర్రబడ్డ కళ్ళతో వచ్చారు. ఏడున్నరకు ఆవిడ బాణలి దించి, బండి కడిగేసి, తాడు కట్టేసి వెళ్ళిపోయింది.

"ఇక్కడ ఇరవై రెండేళ్ళుగా తింటున్నా" అన్నారు మా ఆయన.

మా పెళ్ళై కూడా ఇరవై రెండేళ్ళే. "మరి నేను కట్టిచ్చిన ఉప్మా?"

"అదీ తినేవాణ్ణి."

ఆ మాట నేనింకా నమ్మలేదు.

మా ఇల్లు సారపాకలో. గోదావరి వంతెన దాటితే భద్రాచలం. ఆయన కాగితం మిల్లులో షిఫ్టుల మనిషి, నేను బడి పంతులమ్మని. పిల్లలిద్దరూ హాస్టళ్ళకు వెళ్ళాక ఇద్దరికి వండటం అంటే ఎంత వండాలో చేతికి తెలియడం మానేసింది. ఒక ఆదివారం గ్యాస్ అయిపోవడంతో ఆయన ఆ పుణుగుల బండి దగ్గరికి తీసుకెళ్ళారు. అల్లం పచ్చడి ఘాటుకు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఆలోచించాను. ఇన్నేళ్ళలో మేం బయట తిన్నదెక్కడ? చుట్టాలు రాముడి దర్శనానికి వస్తే తీసుకెళ్ళే ఆ రెండు ఏసీ హోటళ్ళలోనే. వాళ్ళు మెచ్చుకునేది పనీర్ బటర్ మసాలా. దానికి ఇంత దూరం రావాలా?

ఆ రోజే ఒక ఒప్పందం చేసుకున్నాం. నెలకు రెండు ఆదివారాలు. ఇంటికి గంటా గంటన్నర దూరంలో, మాకు తెలిసినవాళ్ళెవరూ 'అక్కడ బాగుంటుంది' అని చెప్పని చోట తినాలి. బాగోలేదనిపిస్తే ఇంకోసారి వెళ్ళి చూశాకే తీర్పు. ఈ రెండో షరతు ఆయనది. మనిషి మిల్లులో నాణ్యత చూసే విభాగం లెండి.

ఇది మేం కనిపెట్టిన పిచ్చేమీ కాదు. లాస్ ఏంజెలెస్‌లో జొనాథన్ గోల్డ్ అనే కుర్రాడు, పత్రికలో ప్రూఫులు దిద్దుకునే రోజుల్లో, పికో బౌలవార్డ్ అనే ఒక్క రోడ్డు మీద ఉన్న హోటళ్ళన్నిట్లో వరుసగా తినాలని బయల్దేరాడు. సాల్వడార్ వాళ్ళవి, కొరియా వాళ్ళవి, వలస వచ్చినవాళ్ళు నడుపుకునే చిన్న చిన్న కొట్లు. 2007లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. తిండి మీద రాసి అది అందుకున్న మొదటివాడు. మా రోడ్డు జాతీయ రహదారి 30. విజయవాడ వైపు నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మా ఊరు తగిలి, గోదావరి దాటి, చింతూరు, కుంట మీదుగా బస్తర్ అడవిలోకి పోతుంది. దీని మీద పులిట్జర్లు రావుగానీ నాటుకోడి దొరుకుతుంది.

పదకొండింటి అన్నం

మా మొదటి ఓటమి భద్రాచలం ఏరియా ఆసుపత్రికి దగ్గర్లోని ఒక మెస్. రేకుల కప్పు, నాలుగు బల్లలు. రెండున్నరకు వెళ్ళాం. అడుగంటిన పప్పు, చల్లారిన అన్నం, చారులో చారెడు నీళ్ళు. మొహాలు మాడ్చుకుని లేచాం. షరతు ప్రకారం మళ్ళీ వెళ్ళాలి కదా అని, నాకు సెలవున్న ఒక సోమవారం పదకొండుకే వెళ్ళాం.

అదే మెస్, అదే మనిషి. అన్నం గిన్నె మూత తీస్తే ఆవిరికి కళ్ళద్దాలు మసకేశాయి. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, గోంగూర. బల్లలన్నీ నిండిపోయాయి, గోడ వారగా నిలబడి తినేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు అర్థమైంది. ఈ ఆసుపత్రికి మన మండలాలవాళ్ళే కాదు, ఆంధ్ర వైపు ఊళ్ళవాళ్ళు, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగుల్ని మోసుకొస్తారు. తెల్లవారకముందే బయల్దేరి, చీటీ రాయించుకుని, రోగిని చూపించుకుని, పదకొండయ్యేసరికి తోడొచ్చినవాళ్ళకు కళ్ళు తిరుగుతుంటాయి. ఆ మెస్ వాళ్ళకోసం పెట్టింది. అది పదకొండింటి మెస్. రెండున్నరకు వెళ్ళి రుచి లేదనడం మాదే తప్పు.

దగ్గరగా చూస్తే ఇంకోటి కనిపించింది. పార్సిల్ కట్టేటప్పుడు యజమాని "పేషెంటుకా?" అని అడుగుతాడు. అవునంటే పక్కనున్న చిన్న గిన్నెలోంచి మెత్తగా ఉడికిన అన్నం తీసి, కారం వేయని పప్పు పోసి, చారు విడిగా కడతాడు. ఆ గిన్నె ధర బోర్డు మీద లేదు. అసలు బోర్డే లేదు. కోయ భాషలో నాలుగు ముక్కలు, హిందీలో నాలుగు ముక్కలు, మిగతాది తెలుగు. ముగ్గురు మనుషులతో మూడు భాషల్లో ఏకకాలంలో పెరుగు గురించి మాట్లాడగలడు.

అక్కణ్ణుంచి మా లెక్క మారిపోయింది. ఎక్కడ తినాలి అన్నది వదిలేసి, ఈ హోటల్ ఎవరికోసం పెట్టారు, వాళ్ళకు ఆకలెప్పుడు వేస్తుంది అని అడగడం మొదలుపెట్టాం. షిఫ్టువాళ్ళకు ఐదున్నర. లారీవాళ్ళకు రాత్రి పదకొండు తర్వాత. మా దూరం షరతు తప్పి ఒకసారి ఖమ్మం వెళ్ళాల్సొచ్చినప్పుడు అక్కడా ఇదే కనిపించింది. మిర్చి మార్కెట్‌కు సీజన్లో రైతులు తేజ మిర్చి బస్తాలతో రాత్రే చేరుకుని, బస్తాల మీదే కునుకు తీస్తారు. వాళ్ళకోసం తెల్లవారుజామునే పొయ్యి వెలిగించే కొట్లున్నాయి. హమాలీలు ఇడ్లీ తిని ముందు అడిగేది మజ్జిగ. గాల్లోనే కారం ఉన్నప్పుడు చట్నీ ఎవరికి కావాలి? తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ తిన్నాం. మా ఆయనకు ఆ ఇడ్లీ నచ్చింది. నాకు మజ్జిగ నచ్చింది.

గుడి చుట్టూ ఉన్న హోటళ్ళ గురించి ఎక్కువ రాయను. అవి యాత్రికుల టైముకే నడుస్తాయి, ఎవరూ పట్టించుకోనివీ కావు. నవమి వారంలో స్థానికులం ఆ వీధుల్లోకి వెళ్ళడమే మానేస్తాం.

వెదురు తడిగా ఉండాలి

బొంగు చికెన్ గురించి చెప్పకపోతే ఈ కథనాన్ని ఎవరూ నమ్మరు. ముందు మేం మోసపోయిన సంగతి. రోడ్డు పక్కన, పెద్ద బోర్డు, బోర్డు మీద బొంగులోంచి పొగలు కక్కుతున్న కోడి బొమ్మ. ఆర్డరిచ్చిన ఎనిమిది నిమిషాలకు తెచ్చారు. ఎనిమిది నిమిషాల్లో కోడి మగ్గదు. చేత్తో ముట్టుకుంటే బొంగు చల్లగా ఉంది, లోపల నూనె తేలుతున్న కూర. ఎక్కడో మూకుడులో వండి, పాత బొంగులోకి ఎత్తి, బిల్లులో వెదురు ఖరీదు వేశారు. ఆ చోటికి రెండోసారి వెళ్ళాలన్న షరతును మా ఆయనే రద్దు చేశారు.

అసలుది చింతూరు వైపు, అడవి మొదలయ్యే చోట, ఒక పాకలో చూశాం. ఇద్దరు కుర్రాళ్ళు. మేం అడిగాకే ఒకడు వెళ్ళి పచ్చి వెదురు ముక్క తెచ్చాడు, ఒక వైపు కణుపు మూసి ఉండేలా కోసింది. కోడి ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి బొంగులోకి కూరాడు. చుక్క నూనె లేదు, చుక్క నీళ్ళు లేవు. మూతికి ఆకు ముద్ద దోపాడు. నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి, ఐదేసి నిమిషాలకు తిప్పుతూ కూర్చున్నాడు. పచ్చి వెదురులో ఉన్న తడే ఆవిరై ముక్కను ఉడికిస్తుంది; అందుకే ఎండు బొంగు పనికిరాదు, అది తానే కాలిపోతుంది. ఆకుపచ్చ ముందు పసుపైంది, తర్వాత నల్లబడింది. మూతి దగ్గర నురగ సుయ్యిమంది. "అయింది సార్" అన్నాడు. మేం వచ్చి యాభై నిమిషాలు. బొంగు నిలువునా చీల్చి అడ్డాకు విస్తట్లో పోశాడు. పచ్చి కట్టె వాసన, కారం, కోడి కొవ్వు. మేం మాట్లాడుకోలేదు.

ఇక్కడ సరిహద్దు సంగతొకటి చెప్పాలి. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం మండలాలు విడదీసినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, చుట్టూ ఉన్న చాలా ఊళ్ళు ఆంధ్రలోకి వెళ్ళాయి. రాముడు ఈ రాష్ట్రంలో, ఆయన భూములు పురుషోత్తపట్నంలో, అంటే ఆ రాష్ట్రంలో. మేం పర్ణశాల వైపు బయల్దేరితే మధ్యలో కాసేపు ఆంధ్రలో ప్రయాణించి మళ్ళీ తెలంగాణలోకి వస్తాం. టిఫిన్ ఒక రాష్ట్రంలో, టీ ఇంకో రాష్ట్రంలో. పుణుగులకు మాత్రం ఆ తేడా తెలియదు.

సంతలు వేరే లోకం. మధ్యాహ్నానికి నిండుతాయి, పొద్దు వాలకముందే ఖాళీ అవుతాయి. నడిచి ఇళ్ళకు చేరాలి కదా. టార్పాలిన్ కింద మిర్చిబజ్జీ, జిలేబి, పక్కన ఎండు చేపలు, ఆనపకాయ బుర్రలో జావ. వేసవి మొదట్లో ఇప్పపువ్వు గంపలు. రాత్రంతా రాలిన పువ్వును తెల్లారేలోపే ఏరుకుంటారు, ఎండెక్కితే పశువుల పాలు. తొలకరికి పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, బోడకాకర. ఇవి ఏ హోటల్ మెనూలోనూ ఉండవు. కానీ సంత రోజున, సంత ఊళ్ళోనే ఉన్న పూరిపాక హోటల్లో, ఉదయం కొన్నది మధ్యాహ్నానికి కూరవుతుంది. ఒకచోట వెదురు కొమ్ముల కూర తిన్నాం. ఇంకోచోట ఎర్రచీమల పచ్చడి. ఆకుల్ని కుట్టుకుని చెట్టు మీద గూడు కట్టే చీమలు, వాటి గుడ్లు, మిరపకాయ, ఉప్పు కలిపి నూరింది. నిమ్మ ఉప్పులా పుల్లగా కొరుకుతుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ చీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన వైపు దీన్ని ఇంకా దాచుకుని తింటున్నారు, చూసి నవ్వుతామని. మా ఆయన మళ్ళీ అడిగి వేయించుకున్నారు. నేను అడగలేదు.

దాచుకోనక్కర్లేని రోజులూ వస్తున్నాయి. భద్రాచలంలో ఆదివాసీ మహిళలు చిరుధాన్యాలతో చేసే బిస్కెట్ల గురించి 2025 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పారు. లండన్ దాకా వెళుతున్నాయట. మా బళ్ళో టీచర్లు అప్పుడుగానీ కొనలేదు. అందులో నేనూ ఉన్నాను.

గోడ మీద గీత

గోదావరి కరకట్ట వైపు ఒక చేపల కూర హోటల్ ఉంది. కొర్రమీను దొరికిన రోజు కొర్రమీను, లేకపోతే జెల్లలు, ఏదీ లేకపోతే తలుపు మూత. లోపలి గోడ మీద, నా తలకంటే ఎత్తులో, బొగ్గుతో గీసిన గీత. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. అప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. భద్రాచలం అటు, మేం ఇటు. ఆ హోటలామెకు మిగిలింది ఇత్తడి గుండిగ ఒక్కటే. బురదలో కూరుకుపోయి ఉండటంతో కొట్టుకుపోలేదట. ఇప్పుడూ చేపల పులుసు దాన్లోనే. "గీత మీద సున్నం వేయించలేదేం?" అని అడిగాను. "వేస్తే ఎంతవరకు వచ్చిందో మర్చిపోతాం కదమ్మా, సామాన్లు ఎంత ఎత్తులో పెట్టుకోవాలో తెలియొద్దూ" అంది. అటక ఆ గీతకు జానెడు పైనే కట్టించుకుంది.

మీరూ ఇటు వస్తే చిల్లర తెచ్చుకోండి. అడవి లోపల ఫోన్‌పే సిగ్నల్ దయ మీద ఆధారపడి ఉంటుంది. నాటుకోడి కావాలంటే పొద్దున వెళ్ళేటప్పుడు చెప్పి, తిరిగొచ్చేటప్పుడు తినండి. ఏప్రిల్ చివర, మే నెలల్లో మాత్రం పూరిపాక హోటళ్ళు చాలావరకు మూసే ఉంటాయి. పోయిన వేసవి మేం వెళ్ళేసరికి ఒక పాక తలుపుకు తాడు కట్టి ఉంది. పొరుగు పిల్లాడు చెప్పాడు: "అమ్మ తునికాకుకు పోయింది. యాభై ఆకులకు ఒక కట్ట. హోటల్ కంటే అదే ఎక్కువొస్తది."