కుదుపు తెలిసిన కెమెరా

అరకు, లంబసింగి ఘాట్ రోడ్ల మీద బైకు యాత్రలు చేసే పాఠకుడొకరు ఈ ప్రశ్న పంపారు: “హెల్మెట్‌కి బిగించుకోవడానికి యాక్షన్ కెమెరా కొందామనుకుంటున్నాను. ఏడెనిమిది వేలకు దొరికేదాని డబ్బా మీదా 4కె అనే ఉంది. నలభై వేలు దాటినదాని మీదా 4కె, 5.3కె అని ఉంది. రెండూ నీళ్ళలో తడిసినా ఏమీ కావంటున్నారు. మరి మిగతా ముప్పై వేలూ దేనికండీ?”

ఇంత మంచి ప్రశ్న వచ్చాక రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ఆ ముప్పై వేల తేడా వెనక ఒక ఫ్రెంచి గణితవేత్త ఉన్నాడు, ఒక ఈగ ఉంది, సెకనులో వెయ్యో వంతు తప్పినా ఒప్పుకోని లెక్క ఉంది.

ముందు మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. 4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం దాదాపు 83 లక్షల పిక్సెళ్ళు. చవక కెమెరాలు కొన్నింటి సెన్సర్‌లో అన్ని పిక్సెళ్ళే ఉండవు. ఉన్నవాటిని బట్టి లేనివాటిని అంచనా వేసి నింపి, 4కె అని రాసేస్తారు. సెన్సర్ సైజు ఇంకో తేడా. తక్కువ ధర రకాల్లో సాధారణంగా 1/2.3 అంగుళాలదో అంతకన్నా చిన్నదో ఉంటుంది. డీజేఐ ఆస్మో యాక్షన్ 5 ప్రో లాంటివాటిలో 1/1.3 అంగుళాలది. వైశాల్యంలో ఇది సుమారు రెండున్నర రెట్లు. పెద్ద సెన్సర్ ఎక్కువ వెలుతురును పట్టుకుంటుంది. బ్యాటరీ, యాప్, నీటి లోతు గురించి ఇక చెప్పను. అసలు కథ కుదుపుది.

ఒక్క డిగ్రీ ఖరీదు

యాక్షన్ కెమెరా లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది. అడ్డంగా 120 డిగ్రీలు అనుకుందాం. 3840 పిక్సెళ్ళను 120 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 32 పిక్సెళ్ళు వస్తాయి. గుంతలో చక్రం పడినప్పుడు తల ఒక్క డిగ్రీ ఊగిందంటే బొమ్మ మొత్తం 32 పిక్సెళ్ళు పక్కకు దూకుతుంది. గతుకుల రోడ్డు మీద ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది.

మరి అదే గతుకుల్లో మన కళ్ళకు లోకం ఎందుకు ఊగడం లేదు? ఈ పత్రికను కదలకుండా పట్టుకుని, తలను అటూ ఇటూ వేగంగా ఊపుతూ ఈ వాక్యం చదవండి. చదవగలుగుతారు. ఇప్పుడు తల కదపకుండా పత్రికను అంతే వేగంతో ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. తల తిరిగినప్పుడు లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు ఆ తిరుగుడును పసిగట్టి, సెకనులో నూరో వంతులో కళ్ళను ఎదురు దిక్కుకు తిప్పేస్తాయి. పత్రిక ఊగినప్పుడు చెవికి ఆ సమాచారం అందదు. బొమ్మను చూసి కదలికను కనిపెట్టి సర్దుకోవాలంటే ఆలస్యమవుతుంది.

కెమెరాల్లోనూ ఈ రెండు దారులే ఉన్నాయి. మొదటిది, ఒక ఫ్రేమును ముందు ఫ్రేముతో పోల్చి ఎంత జరిగిందో ఊహించడం. పక్క నుంచి లారీ దాటినా, ఎదుట జలపాతం దూకుతున్నా ఈ పద్ధతి మోసపోతుంది. లారీ కదిలిందో కెమెరా కదిలిందో దానికి అంతుపట్టదు. రెండో దారి చెవి దారి: బొమ్మతో పని లేకుండా తిరుగుడును నేరుగా కొలవడం. దానికి గైరోస్కోప్ కావాలి.

తిరగని గైరోస్కోప్

గైరోస్కోప్ అనగానే గిర్రున తిరిగే చక్రాన్ని చూపిస్తారు. లియాన్ ఫూకో 1852లో ఆ పేరు పెట్టింది అలాంటి పరికరానికే. కెమెరాలో మాత్రం ఏ చక్రమూ తిరగదు. అక్కడ పనిచేసేది గాస్పార్ గుస్తావ్ కోరియాలిస్ 1835లో వివరించిన బలం.

తిరుగుతున్న రంగులరాట్నం మీద మధ్య నుంచి అంచుకు తిన్నగా నడవబోయిన మనిషిని ఏదో పక్కకు నెట్టినట్టు ఉంటుంది. ఎంత వేగంగా నడిస్తే అంత, రాట్నం ఎంత వేగంగా తిరిగితే అంత. కోరియాలిస్ బలం అంటే అదే. ఇప్పుడు ఆ మనిషిని ముందుకూ వెనక్కూ అదే గీత మీద ఆగకుండా నడిపించండి. రాట్నం ఆగి ఉంటే పక్క తోపు ఉండదు. తిరిగిందా, అతను ముందుకు వెళ్ళేటప్పుడు ఒక పక్కకూ వెనక్కి వచ్చేటప్పుడు రెండో పక్కకూ తూలతాడు. ఆ తూలుడును కొలిస్తే రాట్నం వేగం తెలిసిపోతుంది.

కెమెరాలోని చిప్పులో ఆ మనిషి స్థానంలో ఉన్నది మైక్రోగ్రాముల బరువుండే సిలికాన్ పలక. దాన్ని సెకనుకు వేల సార్లు అటూ ఇటూ కంపింపజేస్తారు. నమూనాగా ఒక లెక్క: పలక బరువు ఒక మైక్రోగ్రాము, కంపనాలు సెకనుకు 20,000, ఊగే దూరం 5 మైక్రోమీటర్లు అనుకోండి. కెమెరా సెకనుకు ఒక డిగ్రీ చొప్పున తిరిగితే పలక మీద పడే కోరియాలిస్ బలం దాని సొంత బరువులో సుమారు 450వ వంతు. ఆ తోపుకు పలక పక్కకు జరిగే దూరం కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికీ అందదు. దువ్వెన పళ్ళ ఆకారంలో చెక్కిన పలకల మధ్య కెపాసిటెన్స్‌లో (విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యంలో) వచ్చే మార్పును బట్టి దాన్ని కొలుస్తారు. ఇది ఈనాడు చాలా స్మార్ట్‌ఫోన్లలో ఉందంటే నమ్మబుద్ధి కాదు.

ఈ ఉపాయం మనకన్నా ముందు ఈగకూ దోమకూ తెలుసు. వాటికి రెక్కలు ఒక్క జతే. వెనక జత రెక్కలు ఉండవలసిన చోట, కొసన చిన్న ఉండ ఉన్న కాడలు రెండు ఉంటాయి. వాటిని హాల్టీర్లంటారు. ఎగిరేటప్పుడు అవి రెక్కలతో సమానంగా, ఎదురు దిక్కులో కొట్టుకుంటాయి. ఒళ్ళు తిరిగితే కోరియాలిస్ బలం కాడను పక్కకు వంచుతుంది. మొదట్లో ఉన్న నాడీకణాలు ఆ వంపును పట్టేస్తాయి.

దీన్ని తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది. హాల్టీర్లు తీసేస్తే ఈగ ఎగరలేదని 18వ శతాబ్దం తొలినాళ్ళలోనే విలియం డెరమ్ గమనించాడు. కానీ 1910ల్లో ఫాన్ బుడెన్‌బ్రాక్ అనే జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు వాటికీ సమతూకానికీ సంబంధం లేదన్నాడు. రెక్కల కండరాలకు హుషారు పుట్టించడమే వాటి పనని వాదించాడు. వినడానికి సబబుగానే ఉంది. దాన్ని ఓడించింది ఒక దారప్పోగు. హాల్టీర్లు తీసేసిన ఈగ పొట్టకు చిన్న దారం ముక్క తగిలిస్తే అది మళ్ళీ నిలకడగా ఎగిరింది! కండరాలకు హుషారు లేకపోవడమే లోపమైతే దారం దాన్ని తీర్చలేదు. పోయింది సమతూకమే. 1938లో ఫ్రేంకెల్, ప్రింగిల్ హాల్టీరును గైరోస్కోప్‌గా ప్రకటించారు. పదేళ్ళ తర్వాత ప్రింగిల్ ఆ యంత్రాంగాన్ని పూర్తిగా వివరించాడు. సిలికాన్ గైరో రావడానికి అప్పటికి ఇంకా నాలుగు దశాబ్దాలు ఉంది.

డబ్బు పోయేది కాలానికి

“చవక కెమెరా డబ్బా మీదా సిక్స్ యాక్సిస్ గైరో అని ఉంది కదా!” అంటారు. నిజమే. గైరో చిప్పు చవక వస్తువే. చాలామంది పొరబడేది ఇక్కడే. గైరో ఉంటే సరిపోదు, అది చెప్పిన మాట ఏ క్షణానిదో తెలియాలి.

సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా తీయదు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటే చదువుకుంటూ పోతుంది. దీన్నే రోలింగ్ షట్టర్ అంటారు. ఈ చదువుడుకు (రీడౌట్‌కు) 16 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. ఆ వ్యవధిలో కెమెరా సెకనుకు 100 డిగ్రీల వేగంతో తిరిగితే పై వరుసకూ కింది వరుసకూ మధ్య 1.6 డిగ్రీల తేడా వస్తుంది, అంటే 51 పిక్సెళ్ళు. నిటారు కరెంటు స్తంభం ఏటవాలుగా పడుతుంది. బైకు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే కంపనం సెకనుకు 50 సార్లు. ఒక్క ఫ్రేము చదివేలోగా కెమెరా దాదాపు ఒక పూర్తి ఊపు ఊగిపోతుంది. అప్పుడు స్తంభం పాములా మెలికలు తిరుగుతుంది.

కాబట్టి ఫ్రేముకొక సవరణ చాలదు. ప్రతి వరుసకూ అది చదివిన క్షణంలో కెమెరా ఎటు తిరిగి ఉందో వేరుగా తెలియాలి. గైరో గడియారానికీ సెన్సర్ గడియారానికీ ఒక్క మిల్లీసెకను తేడా వస్తే, పై వేగం దగ్గర మూడు పిక్సెళ్ళ తప్పు వస్తుంది. సవరించబోయి కొత్త వణుకు పుట్టించినట్టవుతుంది. ఇక ఆ లెక్క మోసేదెవరు? సెకనుకు 60 ఫ్రేముల 4కె వీడియో అంటే సెకనుకు దాదాపు 50 కోట్ల పిక్సెళ్ళు. ఒక్కోదాన్నీ లెన్సు వంపు లెక్కతో సహా కొత్త చోటుకు చేర్చాలి, అదీ అరచేతిలో ఇమిడే పెట్టెలో, వేడికి ఆగిపోకుండా. 2018లో గోప్రో హీరో7 బ్లాక్‌లో హైపర్‌స్మూత్ అనే స్టెబిలైజేషన్ వచ్చినప్పుడు, కెమెరాను మోటార్లతో నిలకడగా పట్టే గింబల్ అక్కర్లేదని చూసినవాళ్ళు అబ్బురపడింది ఇందుకే. డీజేఐ వాళ్ళ రాక్‌స్టెడీ, ఇన్‌స్టా360 వాళ్ళ ఫ్లోస్టేట్ కూడా ఈ కోవలోవే. చవక కెమెరాల్లో అత్యధిక రిజొల్యూషన్ ఎంచుకోగానే స్టెబిలైజేషన్ ఆగిపోయేవి ఉన్నాయి. ప్రాసెసర్‌కు ఆ బరువు మోసే శక్తి లేక.

ఒక్కదాన్ని మాత్రం ఏ గైరో బాగుచేయలేదు. షట్టరు 1/60 సెకను తెరిచి ఉంటే, సెకనుకు 100 డిగ్రీల కుదుపులో ప్రతి చుక్కా 53 పిక్సెళ్ళ మేర అలుక్కుపోతుంది. 1/1000 సెకను అయితే మూడు పిక్సెళ్ళే. పట్టపగలు షట్టరు కొద్దిసేపే తెరుచుకుంటుంది కాబట్టి చవక కెమెరా పనీ పర్వాలేదు. మునిమాపు వేళ చిన్న సెన్సర్‌కు వెలుతురు చాలదు, షట్టరు ఎక్కువసేపు తెరవక తప్పదు. బొమ్మ నిలబడుతుంది గానీ అంచులు వణుకుతూ మసకబారతాయి. పెద్ద సెన్సర్ రాత్రి అందం కోసమే అనుకుంటారు. స్థిరత్వానికీ అదే ఆధారం.

మలుపులో నిలువు ఏది?

ఖరీదైన కెమెరాలు దిగంతరేఖను అడ్డంగా నిలిపి ఉంచే సదుపాయాన్నీ ఇస్తాయి. కింద ఏది, పైన ఏది అన్నది త్వరణాన్ని కొలిచే యాక్సెలరోమీటర్ చెబుతుంది కదా అనుకోవచ్చు. ఘాట్ మలుపులో అది తప్పు చెబుతుంది. బైకు సరిగ్గా వంగి తిరుగుతున్నప్పుడు గురుత్వమూ మలుపు తోపూ కలిసిన బలం బైకు నడుము గుండానే పోతుంది. బైకుకు బిగించిన యాక్సెలరోమీటర్‌కు అది నిటారుగా ఉన్నట్టే లెక్క. మేఘాల్లో చిక్కిన తొలితరం పైలట్లను మోసగించింది ఇదే. విమానం వాలి తిరుగుతున్నా వాళ్ళకు తిన్నగా పోతున్నట్టే ఉండేది. 1929లో అమెరికన్ పైలట్ జిమ్మీ డూలిటిల్ బయటికి చూడకుండా పరికరాల ఆధారంతోనే విమానాన్ని ఎగరేసి దింపగలిగాడంటే అందులో గైరోతో పనిచేసే కృత్రిమ దిగంతరేఖ చలవ కూడా ఉంది. గైరోకూ లోపముంది. చిన్న చిన్న తప్పులు పోగుపడి నెమ్మదిగా దారి తప్పుతుంది. తక్షణ కదలికకు గైరోను, దీర్ఘకాలానికి యాక్సెలరోమీటర్‌ను నమ్మి, రెండింటినీ కలిపి నిజం రాబట్టాలి. ఈ పొత్తు ఎంత బాగా కుదిరిందన్నదే కెమెరా నాణ్యత.

ఇక కొనుగోలు మాట. ఫోనునే హ్యాండిల్‌కు బిగిస్తే పోలేదా అనుకునేవారికి ఒక హెచ్చరిక: శక్తిమంతమైన మోటారుసైకిళ్ళ కంపనం ఐఫోన్ కెమెరాలోని కదిలే లెన్సు యంత్రాంగాన్ని దెబ్బతీయవచ్చని 2021లో యాపిల్ కంపెనీయే చెప్పింది. కెమెరాను ఒకచోట నిలబెట్టి తరగతిగదినో, ఈత పోటీనో, పెళ్ళి భోజనాలనో తీసేవారికి తక్కువ ధరది చాలు, ముప్పై వేలు మిగుల్చుకోండి. బైకు మీదో, సైకిలు మీదో, పరుగులోనో తీసేవారు కొత్త చవక కెమెరా కొనకండి. ఇంకొంత కూడబెట్టి, రెండు మూడు తరాల కిందటి మేలురకాన్ని కొనండి. గైరో వివరాలను వీడియో ఫైలులోనే రాసేది అయితే మరీ మంచిది. గైరోఫ్లో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో కుదుపు తీసేసుకోవచ్చు. కొనేముందు సాయంత్రం వెలుతురులో నడుస్తూ ఒక వీడియో తీసి, స్తంభాలూ గోడ అంచులూ మెలికలు తిరుగుతున్నాయేమో చూడండి.

కంపెనీలు డబ్బాల మీద పిక్సెళ్ళ లెక్క పెద్ద అక్షరాల్లో వేస్తాయి. సెన్సర్ ఎన్ని మిల్లీసెకన్లలో చదువుతుందో మాత్రం ఎక్కడా రాయవు. రాయించాలి. దుకాణంలో “ఎన్ని కె?” అని కాక “రీడౌట్ ఎన్ని మిల్లీసెకన్లు?” అని అడగండి. అడిగేవాళ్ళు పెరిగితే జవాబు డబ్బా మీదికి వచ్చి తీరుతుంది.