గుట్టకు పోయి నిద్ర చేసొద్దాం

సముద్రం పక్కనున్న ఊళ్లకు సెలవు రోజు ఎటు పోవాలన్న బెంగ ఉండదు. విశాఖపట్నం వాళ్లు భీమిలి రోడ్డు పడతారు. ఒకవైపు అలలు, మరోవైపు ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో డచ్చివారి సమాధులున్న పాత రేవు పట్నం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. దాని పక్కనున్న పావురాలకొండ మీద బౌద్ధ శిథిలాలతో పాటు ఒక నరసింహస్వామి గుడి కూడా ఉంది. హైదరాబాద్‌కు సముద్రం లేదు, నరసింహస్వామి మాత్రం ఉన్నాడు. అందుకే ఆదివారం తెల్లారేసరికి నగరం వరంగల్ రోడ్డెక్కుతుంది. ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, రాయగిరి, ఆ తర్వాత గుట్ట, అంటే యాదగిరిగుట్ట.

మొత్తం అరవై పైచిలుకు కిలోమీటర్లు. తెలంగాణలో ‘గుట్టకు పోతున్నం’ అంటే ఏ గుట్టకని ఎవరూ అడగరు.

ఈ స్వామి ఎంతమంది ఇళ్లలో ఉన్నాడో తెలుసుకోవడానికి లెక్కలు తీయనక్కర్లేదు, ఏ ఊరి ఓటర్ల జాబితా తిప్పినా చాలు. యాదగిరి, యాదయ్య, యాదమ్మ, నర్సింహ, నర్సమ్మ, లక్ష్మీనర్సయ్య... పిల్లలు పుట్టాలని మొక్కుకున్నవాళ్లు, పుట్టిన పిల్లలు బతికితే చాలనుకున్నవాళ్లు పెట్టుకున్న పేర్లివి. తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాటగాడు బండి యాదగిరి పేరులోనూ ఈ కొండే ఉంది. దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా, ఉమ్మడి నల్లగొండ జిల్లాలో గుట్ట పేరు తగలని కుటుంబం అరుదు.

స్థలపురాణం ప్రకారం రుష్యశృంగుడి కొడుకు యాదర్షి ఆంజనేయుడి అండతో ఇక్కడ తపస్సు చేశాడు. నరసింహుడు అతనికి జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాల్లో కనిపించాడు. దీన్ని పంచ నారసింహ క్షేత్రం అనడం అందుకే. మూలస్థానం సహజంగా ఏర్పడిన గుహ. కొండను కాపాడే క్షేత్రపాలకుడు ఆంజనేయస్వామి.

అయితే జనానికి పురాణం కన్నా దగ్గరైన విషయం ఇంకొకటుంది. ఇక్కడి దేవుడు వైద్యుడని నమ్మకం. ఆసుపత్రుల చుట్టూ తిరిగి విసిగినవాళ్లు, గాలి సోకిందని ఇంటివాళ్లు భయపడినవాళ్లు మండలం రోజులు ఇక్కడే ఉండి గుండంలో స్నానం, తడిబట్టలతో ప్రదక్షిణ, రాత్రికి నిద్ర చేసేవారు. స్వామి కలలో వచ్చి వైద్యం చేస్తాడని ఆశ. మందులు మానేసి ఇదొక్కటే నమ్ముకోమని ఈ కాలంలో ఎవరూ చెప్పరనుకోండి. అలా నెలా పదిరోజులు ఉండేవాళ్ల కోసమే కొండ చుట్టూ సత్రాలు పెరిగాయి. కులానికొక సత్రం, సత్రం ముందొక పూల బండి, దాని పక్కన కొబ్బరికాయల దుకాణం, ఇదీ పాత యాదగిరిగుట్ట. దర్శనం చేసుకుని పోయే ఊరు కాదది, వచ్చి ఉండే ఊరు.

ఆ ఊరి రూపం 2016 నుంచి మారిపోయింది. గుడిని తిరిగి కట్టేందుకు మూలమూర్తుల దర్శనం ఆపి, పూజలను తాత్కాలికంగా కట్టిన బాలాలయానికి మార్చారు. పూర్తిగా నల్లటి కృష్ణశిలతో, పాత పద్ధతిలో సున్నపు మిశ్రమం వాడి ఏడు గోపురాలు లేపారు. రాయి చాలావరకు ప్రకాశం జిల్లా నుంచి వచ్చింది. రూపకల్పన సినిమా కళాదర్శకుడు ఆనంద్ సాయిది. సినిమా మనిషికి గుడేమిటని మొదట్లో పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు పడమటి రాజగోపురం ముందు నిలబడి చూస్తే ఆ మాట అనాలనిపించదు. 2019లో మాత్రం రాతి స్తంభాల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ, ఆయన పార్టీ కారు గుర్తు కనబడడంతో పెద్ద రభస జరిగింది. వాటిని తీసేయించారు. కాకతీయుల గుళ్ల మీద ఎవరెవరి బొమ్మలున్నాయో ఇప్పుడెవరికీ పట్టదు గానీ, ఓట్లున్న కాలంలో రాయికి కూడా రాజకీయం అంటుకుంటుంది.

2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో గుడి తెరుచుకుంది. ఆ మే నెలలో పడ్డ ఒక్క గాలివానకే కొండమీది కొత్త రోడ్డు కోసుకుపోయి కొత్తదనపు మెరుపు కొంత తగ్గింది. అదే వేసవిలో కారు పైకి తెస్తే 500 రూపాయల పార్కింగ్ రుసుము పెట్టారు, ఆటోలను కొండ ఎక్కనివ్వలేదు. పైన దుకాణాలు పోగొట్టుకున్నవాళ్లు, ఆటోవాళ్లు రోడ్డెక్కారు. ఆటోలు తిరిగి పైకి వెళ్లింది 2024లో. విమాన గోపురానికి 68 కిలోల బంగారంతో తాపడం 2025 ఫిబ్రవరిలో పూర్తయింది. నడుమ పేరు కూడా అటూ ఇటూ ఊగింది. 2015లో ‘యాదాద్రి’ అయింది, 2016 అక్టోబరు 11న పుట్టిన కొత్త జిల్లాకూ ఆ పేరే పెట్టారు, 2024 నవంబరులో ప్రభుత్వం మళ్లీ యాదగిరిగుట్ట అనే పిలవాలంది. ఊరి జనం పిలుపు మాత్రం మొదటి నుంచీ గుట్టే.

కొత్త గుడి వసతి పెంచింది, అందం తెచ్చింది. కానీ వచ్చినవాళ్లను నిలవనివ్వడం లేదు. పొద్దున బయల్దేరి, క్యూలో నిలబడి, పులిహోర, లడ్డూ తీసుకుని మధ్యాహ్నానికి ఉప్పల్ చేరుకునేవాళ్లే ఎక్కువ. కూతవేటు దూరంలో ప్లాట్లు అని బోర్డులు పెట్టే వెంచర్లు దారి పొడవునా కనిపిస్తాయి. బీబీనగర్‌కు ఎయిమ్స్ వచ్చింది. నగరం గుట్ట దాకా పాకుతోంది, నగరవాసి మాత్రం గుట్టలో పూట కూడా ఉండడం లేదు. ఒక రాత్రి ఉంటే చూడాల్సినవి చుట్టూ చాలా ఉన్నాయి.

అన్నింటిలో మొదటిది భువనగిరి. దూరం నుంచి చూస్తే ఊరి మీద ఒక పెద్ద బండ వచ్చి కూర్చున్నట్టుంటుంది. ఐదు వందల అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిల అది. కల్యాణి చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయి, వాడుకలో భువనగిరిగా మిగిలింది. 18వ శతాబ్ది ఆరంభంలో సర్వాయి పాపన్న దీని మీదికి దండెత్తాడు. 1944లో ఈ ఊళ్లోనే జరిగిన ఆంధ్ర మహాసభ పదకొండో సభ తెలంగాణ రాజకీయాన్ని మలుపు తిప్పింది. ఆ సభను నడిపిన రావి నారాయణరెడ్డి సొంతూరు పక్కనున్న బొల్లేపల్లి. 1952 ఎన్నికల్లో నెహ్రూను మించిన మెజారిటీతో నల్లగొండ నుంచి పార్లమెంటుకు వెళ్లిన మనిషి ఆయన. ఇదే బండ మీద కొండలెక్కడం నేర్చుకున్న గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. పైకి మెట్లున్నాయి గానీ నీడ లేదు, ఎండ ముదరకముందే ఎక్కాలి.

ఇటు ఆలేరు వైపు తిరిగితే కొలనుపాక. ఇది కల్యాణి చాళుక్యుల కాలంలో పెద్ద పట్నం. జైనులకు యాత్రాస్థలం, వీరశైవులకు రేణుకాచార్యుల పుట్టుచోటు. జైన మందిరంలో ఒకే పచ్చరాతిలో మలిచిన మహావీరుడిని చూసి చాలామంది అక్కడి నుంచే తిరిగిపోతారు. పక్కనే సోమేశ్వరాలయం ఆవరణలో పేర్చిపెట్టిన పాత శిల్పాలను, శాసనాలను తీరిగ్గా చూడడానికి గంట సరిపోదు. రాయగిరి దగ్గరైతే చరిత్ర ఇంకా వెనక్కి పోతుంది. రాకాసి గుళ్లని జనం పిలిచే బృహత్ శిలాయుగపు సమాధులను నిజాం కాలంలోనే అక్కడ తవ్వి చూశారు.

పిల్లలు వెంట ఉంటే గుట్ట పక్కనే సురేంద్రపురి తప్పదు, రంగురంగుల పురాణ బొమ్మలతో వాళ్లకు పొద్దు గడిచిపోతుంది. పెద్దవాళ్లకు పోచంపల్లి మేలు. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని వినోబా ముందు నిలబడింది అక్కడే, ఆ మాటతోనే భూదానోద్యమం మొదలైంది. మగ్గం మీద ఇక్కత్ చీర ఎలా రూపం కడుతుందో చూశాక బేరం ఆడబుద్ధి కాదు.

గుట్టలో నిద్ర చేసేవాళ్లు స్వాతి నక్షత్రం రోజు చూసుకుని వెళ్తే మంచిది. ఆరోజు స్వామికి శతఘటాభిషేకం చేస్తారు, తెల్లవారుజామున కొండ చుట్టూ గిరిప్రదక్షిణకు జనం నడుస్తారు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం గది దొరకడం కష్టం. రైలు సంగతికొస్తే, 1880లలోనే ఈ దారిన పట్టాలు పడ్డాయి గానీ, ఘట్‌కేసర్ నుంచి రాయగిరికి 33 కిలోమీటర్ల ఎంఎంటీఎస్ పొడిగింపు 2016లో మంజూరై కూడా ఏళ్లకేళ్లు కదల్లేదు. అది వచ్చేదాకా ఉప్పల్‌లో బస్సెక్కడమే.