ఉకులేలే సౌండ్ గుట్టు చెక్కలోనే!

ఉకులేలేకి తీగలు నాలుగే. మరి ఒక్కోటి ఒక్కోలా ఎందుకు మోగుతుంది? గుట్టంతా పైపలకలో ఉంది. తీగ కదలిక బ్రిడ్జి మీదుగా దానికే చేరుతుంది, గాలిని ఊపేది ముఖ్యంగా అదే. మందం సుమారు 2 మిల్లీమీటర్లే!

స్ప్రూస్ తేలికైనా బిగువైన చెక్క, మీటగానే ఖంగుమంటుంది. మహాగనీ మృదువుగా పలుకుతుంది. కోవా ఈ రెంటికీ మధ్యస్థం. ఈ చెట్టు సహజంగా పెరిగేది హవాయిలోనే. 1879లో మదీరా నుంచి హోనలూలు వచ్చిన వడ్రంగులు దీంతోనే ఉకులేలేలు చేశారు. మన బొబ్బిలి వీణకి పనస ఎలాగో, దానికి కోవా అలాగన్నమాట.

కొనేముందు జాగ్రత్త! పైకి కోవాలా కనిపించినా లోపల ప్లైవుడ్ ఉండొచ్చు. మధ్యలో ఉన్న రంధ్రం అంచు చూడండి. పొరలు కనిపిస్తే ప్లైవుడ్డే. అది తేమకి బాగా తట్టుకుంటుంది గానీ, అంత స్వేచ్ఛగా కంపించదు. డబ్బులు కట్టేది మాత్రం చెవితో విన్నాకే!