పైకప్పు పదార్థాలు – ఇంటి లోపలి వేడి

మే నెలలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో రాత్రి పదింటికి కూడా స్లాబు ఇంట్లో ఫ్యాను వేడి గాలే కొడుతుంది. వాకిట్లో మాత్రం అప్పటికే కొంత చల్లబడి ఉంటుంది. ఈ తేడాకు కారణం భవన ఆవరణం. ఇంటిని బయటి వాతావరణం నుంచి వేరుచేసే పైకప్పు, గోడలు, కిటికీలు, తలుపులను కలిపి అలా అంటారు.

వీటిలో మన ప్రాంతానికి ప్రధానమైనది పైకప్పు. మనం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం కనుక మే నెల మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. స్లాబు పగలంతా వేడిని దాచుకుని, రాత్రి గదిలోకి వదులుతుంది. రేకుల ఇల్లు పగలు కాలిపోయినా పొద్దుగూకగానే త్వరగా చల్లారుతుంది. మందపాటి మట్టిగోడల పెంకుటింట్లో గోడలు వేడిని ఆలస్యం చేస్తాయి, పెంకుల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది.

పైకప్పు గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో యు-విలువ చెబుతుంది. ఇది చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు ఇన్ని వాట్లు అనే లెక్క. 5 అంగుళాల స్లాబుకు ఇది సుమారు 3.5. నివాస భవనాల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పుకు పెట్టిన పరిమితి 1.2. స్లాబు మందం పెంచితే సరిపోతుందని చాలామంది మేస్త్రీలు అంటారు. కానీ 10 అంగుళాలు పోసినా విలువ 2.7 దగ్గరే ఆగుతుంది. అదే 5 అంగుళాల స్లాబుపై రెండున్నర సెంటీమీటర్ల థర్మోకోల్ పలకలు పరిచి, పైన తడి దిగని పొర వేస్తే విలువ సుమారు 1కి దిగుతుంది.

12 చదరపు మీటర్ల గది తీసుకోండి. స్లాబు పైభాగం గదికన్నా 25 డిగ్రీలు వేడిగా ఉంటే, స్థూలంగా 1,050 వాట్ల వేడి లోపలికి దిగుతుంది. ఒక టన్ను ఏసీ బయటికి తోడే వేడి దాదాపు 3,500 వాట్లు. అంటే అందులో మూడో వంతు కరెంటు పైకప్పుకే పోతోంది. థర్మోకోల్ పరిస్తే ఆ వేడి 300 వాట్లకు తగ్గుతుంది.

అంత ఖర్చు పెట్టలేనివారికి తెల్లని పూత ఉంది. నల్లబడిన పాత స్లాబు ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది, కొత్త సున్నపు పూత ఎక్కువ భాగాన్ని తిప్పి పంపుతుంది. దుమ్ము పడితే ఆ గుణం తగ్గుతుంది కనుక ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాల లోపు ఇళ్లకు దీన్ని ఐచ్ఛికంగా వదిలేసింది. మన పట్టణాల్లో వేడికి ఎక్కువగా మగ్గేది ఆ చిన్న ఇళ్లలోనివారే.

అభ్యాసం: మీ ఇంటి స్లాబు అడుగు భాగాన్ని ఉదయం 8, మధ్యాహ్నం 1, రాత్రి 8 గంటలకు చేత్తో తాకి చూడండి. ఏ వేళ ఎక్కువ వేడిగా ఉందో, ఎందుకో రాయండి.