మబ్బు అడవిలో సాలమాండర్: పాఠం చెప్పేవారికి

"టీచర్, సాలమాండర్‌ని తెలుగులో ఏమంటారు?" అని పోయిన ఏడాది మా క్లాసులో ఒక పాప అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. మన తెలుగు నేల మీద ఈ జీవి లేదు, అందుకే వాడుకలో పేరూ లేదు. భారతదేశంలో డార్జిలింగ్, సిక్కిం లాంటి తూర్పు హిమాలయ ప్రాంతాల్లో కనిపిస్తుంది. కాబట్టి పిల్లల చేత "సాలమాండర్" అనే రాయించండి. చూడటానికి బల్లిలా ఉన్నా దీనికి పొలుసులుండవు. ఇది కప్పకు చుట్టం, ఉభయచరం.

గ్వాటెమాలా, మెక్సికో ఎత్తైన కొండల మీద మబ్బు అడవులున్నాయి. అక్కడ మబ్బులు చెట్ల మధ్య నుంచే సాగిపోతాయి కాబట్టి వాన లేని రోజు కూడా ఆకులు తడిగా ఉంటాయి. అక్కడి సాలమాండర్లకు ఊపిరితిత్తులు లేవు. చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ గాలి పీలుస్తాయి. చర్మం ఆరిపోతే ఊపిరాడదు.

కాఫీ తోటలకో, పశువుల మేతకో, మొక్కజొన్నకో చెట్లు కొట్టేస్తే ఎండా గాలీ నేలదాకా వస్తాయి. నాచు ఎండిపోతుంది. కొమ్మల మీద పెరిగి, ఆకుల మొదట్లో నీరు నిలిపే బ్రోమీలియడ్ మొక్కలు పోతాయి. చాలా సాలమాండర్లు పగటిపూట దాక్కునేది వాటిలోనే. పొడి బయలు దాటి ఇంకో అడవికి పోలేవు. భూమి వేడెక్కి మబ్బులు పైకి జరిగితే అవీ పైకెక్కాలి, కానీ శిఖరం తరవాత ఇంకెక్కడికి?

అయినా కథ అక్కడితో ఆగలేదు. 1975లో గ్వాటెమాలాలో కనిపెట్టిన పసుపుపచ్చని జాక్సన్ సాలమాండర్ ఆ తరవాత 42 ఏళ్లు ఎవరికీ కనబడలేదు. అది ఉండే అడవిలో కొంత భాగాన్ని 2015లో రక్షిత ప్రాంతంగా మార్చారు. 2017లో అక్కడి కాపలాదారుకే అది మళ్లీ కనిపించింది.

క్లాసులో ఇలా చేయండి: రెండు గుడ్డముక్కలు తడిపి, ఒకటి ఎండ పడే కిటికీలో, ఇంకొకటి మూత ఉన్న డబ్బాలో పెట్టించండి. పాఠమయ్యాక తాకి చూడమనండి. తడి, పొడి, నీడ, ఆరడం, ఆవాసం... ఈ మాటలన్నీ వాళ్ల నోటే వస్తాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. మనముండే అమెరికాలోనూ, ముఖ్యంగా దక్షిణ అపలేచియన్ కొండల్లో, ఎన్నో రకాల సాలమాండర్లున్నాయి. షికారుకు వెళ్లినప్పుడు పిల్లలు దుంగ ఎత్తి చూస్తే, మళ్లీ ఉన్నది ఉన్నట్టే పెట్టించండి. అది ఎవరింటి పైకప్పో!