ఫోటో కింద పేరు

పంతొమ్మిదో శతాబ్దం ఫోటోల్లో కుంకుమ బొట్టు నల్లగా ఎందుకు ఉంటుంది? బ్లాక్ అండ్ వైట్ కాబట్టి అంటాం. అది సగం జవాబే. అప్పటి గాజు ప్లేట్ల మీద పూసిన వెండి రసాయనం నీలం వెలుగునే బాగా పట్టుకునేది. ఎరుపు దానికి దాదాపు కనిపించేదే కాదు. అందుకే ఎర్ర చీర నల్లగా, నీలాకాశం తెల్లగా వచ్చేవి. మన చామనఛాయ ముఖాలు కూడా ఉన్నదానికంటే నల్లగా పడేవి. కెమెరా ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందనే మాట అప్పుడే పూర్తిగా నిజం కాదన్నమాట.

స్టూడియోలో ఇంకా చాలా ఏర్పాట్లు ఉండేవి. వెలుగు కోసం గాజు పైకప్పు, వెనక బొమ్మలు గీసిన తెర, పక్కన చెక్కిన కుర్చీ. ప్లేటు మీద బొమ్మ పడడానికి కొన్ని సెకన్లు పట్టేది కాబట్టి, కదలకుండా తల వెనక ఇనుప స్టాండు పెట్టేవాళ్లు. అంతసేపు నవ్వు నిలబెట్టడం ఎవరివల్ల అవుతుంది!

మన హైదరాబాద్‌లో ఈ కళకి పెద్ద పేరు రాజా దీన్ దయాళ్ (1844–1905). ఆయన కూడా ఇంజనీరింగ్ స్టూడెంటే. రూర్కీలోని థామసన్ కాలేజీలో చదివి, ఇండోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చేస్తూ, 1870ల్లో కెమెరా పట్టాడు. తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా తెరిచాడు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. అక్కడికి వచ్చినవాళ్లు తమకి నచ్చిన బట్టలు, నగలు వేసుకుని, డబ్బులిచ్చి దిగారు. ఆ ఫోటో వాళ్లది.

దీనికి కొన్నేళ్ల ముందు, 1868 నుంచి 1875 వరకు, ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలు లండన్‌లో అచ్చయ్యాయి. నాలుగు వందలకు పైగా ఫోటోలు. చాలావాటి కింద మనిషి పేరు ఉండదు, కులమో తెగో ఉంటుంది. పక్కనే వాళ్ల స్వభావం ఎలాంటిదో తెల్లదొరల వ్యాఖ్య. 1857 తిరుగుబాటు తర్వాత పాలించే జనాన్ని వర్గాలుగా తెలుసుకోవాలన్న ప్రభుత్వ అవసరం దాని వెనక ఉంది. ఇక్కడ ఫోటో దిగినవాడిది కాదు, చూసేవాడిది.

ఇదే కాలంలో అమెరికాలో లకోటా ప్రజలు కూడా ఇలాంటి స్టూడియోల్లో కూర్చున్నారు. ఎర్ర రంగు పూసుకున్న వాళ్ల ముఖాలూ ఆ ప్లేట్ల మీద నల్లగానే పడ్డాయి. కానీ వాళ్ల నాయకుడు సిట్టింగ్ బుల్, 1885లో బఫెలో బిల్ ప్రదర్శనలో ఉన్నప్పుడు, తన ఫోటోల మీద తనే సంతకం చేసి అమ్మాడు. క్రేజీ హార్స్ అనే ఇంకో వీరుడివి అని రుజువైన ఫోటోలు ఒక్కటి కూడా లేవు. ఒకరు ఫోటో మీద తన పేరు రాసుకున్నారు, ఇంకొకరు అసలు కెమెరాకి చిక్కలేదు.

ఇదంతా పాత కథ అనుకోకండి. పోయిన వేసవి సెలవుల్లో పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీకి ఫేస్ అటెండెన్స్ డేటా ఎక్కించే పని చేశాను. కాంట్రాక్ట్ మీద వచ్చిన ఒడిశా, బిహార్ కార్మికులు గేటు దగ్గర వరసగా నిలబడి ఫోటో దిగేవాళ్లు. టేబుల్‌లో ఫోటో, కాంట్రాక్టర్ కోడ్, నంబర్ తప్పనిసరి. పేరు మాత్రం ఆప్షనల్. నింపుదామా అని అడిగితే, “టైం లేదు, మెషీన్‌కి ముఖం చాలు” అన్నారు. మెషీన్‌కి నిజంగానే చాలు. కానీ జీతం తక్కువ పడిందని ఆ మనిషి వచ్చి అడిగితే, కంప్యూటర్‌లో ఉన్నది ఒక ముఖం, ఒక నంబర్.

మన ప్రాజెక్టుల కోసం మనమూ వేల ముఖాలు డౌన్‌లోడ్ చేసి, ఒక్కోదానికి లేబుల్ పెడుతున్నాం. ‘మేల్’, ‘ఫిమేల్’, ‘వర్కర్’. మోడల్ యాక్యురసీ ఎంత అని అడిగే ముందు ఇంకో రెండు ప్రశ్నలు అడుగుదాం. ఈ లేబుల్ ఎవరు రాశారు? ఫోటోలో ఉన్న మనిషిని అడిగి రాశారా?